ఏడాది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు పుస్తెలతాడు కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది సూర్యాపేట. నాకు 27 ఏళ్లు. ఇంటర్ బైపీసీ పాసయ్యాను, పెళ్లితో చదువు ఆగిపోయింది. మెడికల్ షాపులో నెలకు 11,000 జీతానికి చేస్తున్నాను. ఆయన ఆటో నడుపుతారు. బాబుకు నాలుగేళ్లు. ఇక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది ల్యాబ్ టెక్నీషియన్ సర్టిఫికెట్ కోర్సుకు 70,000 అడుగుతున్నారు. అయిపోగానే 15,000 జీతంతో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. రెండేళ్ల డిప్లొమాకైతే ప్రైవేటు కాలేజీలో ఏడాదికి 50,000 చెప్పారు. పుస్తెలతాడు కుదువ పెట్టి సర్టిఫికెట్ కోర్సులో చేరమంటారా?

జవాబు: ల్యాబ్ పని నేర్చుకోవాలన్న ఆలోచన మంచిదే, వదులుకోకండి. కానీ ఏడాది వ్యవధి ఉన్న ఆ సర్టిఫికెట్ కోర్సులో మాత్రం చేరొద్దు. ఎందుకో ముందు లెక్కలో చూద్దాం.

మీకు కనిపిస్తున్న ఖర్చు 70,000. యూనిఫాం, రికార్డులు, పరీక్ష ఫీజు, రానుపోను ఖర్చులకు ఇంకో 15,000 వేసుకోండి. అసలు పెద్ద ఖర్చు ఫీజు కాదు, మానేసే జీతం. నెలకు 11,000 చొప్పున ఏడాదికి 1,32,000. అంతా కలిపి 2,17,000. బంగారం మీద వడ్డీ దీనికి అదనం.

ఇప్పుడు రాబడి. వాళ్లు చెప్పినట్టే 15,000 వచ్చినా, అందులో కోర్సు వల్ల వచ్చేది 4,000 మాత్రమే. మిగతా 11,000 మీకు ఇప్పటికే వస్తోంది కదా. ఏడాదికి 48,000 చొప్పున పెట్టింది తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లు పడుతుంది. అదే 13,000 జీతమే ఇస్తే తొమ్మిదేళ్లు. ఆ 15,000 సూర్యాపేటలోనా, హైదరాబాద్‌లోనా అన్నది కూడా అడగండి. హైదరాబాద్ అయితే గది అద్దెకే ఆ పెరిగిన 4,000 చాలదు.

లెక్క సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఆ కాగితం విలువ. ల్యాబ్ టెక్నీషియన్ లాంటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో కేంద్రం చట్టం చేసింది. దాని ప్రకారం ఈ వృత్తి అర్హతకు కనీసం రెండేళ్ల వ్యవధిలో 2,000 గంటల చదువు ఉండాలి. ఏడాది సర్టిఫికెట్ అక్కడిదాకా రాదు. చిన్న ల్యాబులు ఇవాళ పనిలోకి తీసుకోవచ్చు. ఎప్పుడూ రిజిస్ట్రేషన్ అడగరన్న భరోసా మాత్రం లేదు.

డిప్లొమా అంటే డీఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా. పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీలో రెండేళ్లు. ఫీజు లక్ష, పైఖర్చులు 30,000, పోయే జీతం 2,64,000 కలిపితే 3,94,000. అంకె చూసి భయపడకండి. మీ షాపు ఓనర్‌తో మాట్లాడి సాయంత్రం పూట పని అడగండి. నెలకు 5,000 ఇచ్చినా రెండేళ్లలో 1,20,000 మిగిలి, ఖర్చు 2,74,000కు దిగుతుంది. చదువయ్యాక 18,000 వచ్చే చోట కుదిరితే మూడేళ్ల మూడు నెలల్లో తిరిగొస్తుంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటొస్తే ఇంకా ముందే. సీట్లు ఇంటర్ మార్కులను బట్టి ఇస్తారు, బైపీసీ వాళ్లకు ముందు అవకాశం. నోటిఫికేషన్ ఎప్పుడో జిల్లా వైద్యారోగ్యశాఖ ఆఫీసుకు వెళ్లి అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నది కాలేజీ వాళ్లను రాతపూర్వకంగా చెప్పమనండి.

డిప్లొమా ఉంటే ప్రభుత్వ ఉద్యోగానికి ఇంకో దారి కూడా తెరుచుకుంటుంది. 2024లో తెలంగాణ వైద్యారోగ్య సేవల నియామక బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మూల వేతనం 32,810తో మొదలు. పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వందలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద చేసిన సర్వీసుకు. అందుకే మొదట్లో జీతం కాస్త తక్కువైనా ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు పని దొరికితే వదలకండి. అలాగని ఆ పోస్టు వచ్చేసినట్టే అప్పు చేయకండి. పోటీ గట్టిగా ఉంటుంది.

పని తీరు కూడా తెలుసుకోండి. పరగడుపున షుగర్ టెస్టుకు వచ్చేవాళ్ల కోసం ల్యాబు పొద్దున్నే తెరవాలి. రక్తం తీసి, ట్యూబు మీద పేరు, నంబరు సరిచూసి, మిషన్‌లో పెట్టేసరికి బయట ఇంకో పదిమంది నిలబడి ఉంటారు. ఆసుపత్రిలోనైతే నైట్ డ్యూటీలు తప్పవు. ఆ రాత్రులు బాబును ఎవరు చూసుకుంటారో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. చాలామంది ఆడవాళ్లు కోర్సు పూర్తి చేసి కూడా ఇక్కడే ఆగిపోతున్నారు. అప్పుడు పెట్టిన డబ్బంతా పోయినట్టే.

అప్పు సంగతి. ముందు బ్యాంకులో విద్యారుణం అడగండి. సాధారణంగా 4 లక్షల వరకు తాకట్టు అడగరు, చదువు సాగుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత ఏడాది వరకూ కంతులు కట్టక్కర్లేదు. వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది, వీలైతే నెలనెలా కట్టేయండి. గుర్తింపు ఉన్న కోర్సుకే బ్యాంకు అప్పిస్తుంది కాబట్టి, మేనేజర్ కాదంటే ఆ కాలేజీ గురించి మరోసారి ఆరా తీయండి. గోల్డ్ లోన్ మొత్తానికి వద్దనను, ఏదో ఒక సెమిస్టర్‌లో చేతిలో డబ్బు ఆడక ఆగిపోయే పరిస్థితి వస్తే అప్పుడు వాడుకోండి, అదీ బ్యాంకులోనే.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ వారమే కడితే డిస్కౌంట్ అంటారు, కట్టకండి. కిందటేడు అక్కడ చదివిన ముగ్గురి ఫోన్ నంబర్లు అడిగి, ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారో, చేతికెంత వస్తోందో కనుక్కోండి. ఎక్కడ చేరినా టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ రసీదు లేకుండా ఇవ్వొద్దు. ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్లు ఆపేస్తే, వచ్చిన ఉద్యోగంలోనూ చేరలేరు.