పాత మెషిన్ సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబు పేరు చెప్పండి

ప్రశ్న: నా వయసు 24. హనుమకొండలో హాస్టల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. నాలుగేళ్లుగా గడ్డం కింద, పైపెదవి మీద ముతక వెంట్రుకలు వస్తున్నాయి. పది రోజులకోసారి పార్లర్‌లో దారంతో తీయించుకుంటున్నాను. ఏడాదిగా చెంపల మీద కూడా నూగు పెరిగింది. ఎలక్ట్రాలిసిస్ చేసుకుంటే శాశ్వతంగా పోతాయని చదివాను. హైదరాబాద్‌లో మూసేసిన ఒక పార్లర్ వారు తమ పాత మెషిన్‌ను 9 వేలకు ఇస్తామంటున్నారు. అది 110 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుందట. సూదులు కూడా ఇస్తారట. వాటిని మరిగించి వాడుకోవచ్చా? కరెంటు ఎంత పెట్టుకోవాలి? చెంపల మీద కూడా చేసుకోవచ్చా? రాత్రిపూట రాసుకునే మంగు క్రీమ్ తప్ప నేను వేరే మందులేవీ వాడను. అది మెడికల్ షాపులో తీసుకున్నాను, రెండేళ్లుగా వాడుతున్నాను. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంది కానీ దానితో ఇబ్బందేమీ లేదు. నాన్నకు షుగర్ ఉంది. దీపావళి తర్వాత పెళ్లిచూపులు పెట్టుకుందామంటున్నారు. త్వరగా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ మెషిన్ కొనకండమ్మా. బయానా ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి, రాకపోతే వదిలేయండి. ఎందుకో కింద చెబుతాను. మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించినవి మాత్రం మెషిన్ గురించి రాసిన వాక్యాలు కావు. చివర్లో పనిలో పనిగా రాసిన రెండు మాటలు: రెండేళ్లుగా రాస్తున్న మంగు క్రీమ్, రెండు మూడు నెలలకోసారి వచ్చే నెలసరి. ఓపీ మధ్యలో దొరికిన సమయంలో రాస్తున్నాను కాబట్టి ముందు వాటి గురించే చెబుతాను.

‘క్రీమ్ తప్ప వేరే మందులేవీ వాడను’ అని రాశారు. ఆ క్రీమే మందు. అలా అనుకోకపోవడమే నా బాధ. వరంగల్ నుంచి, పరకాల, నర్సంపేట, జనగామ నుంచి ముఖం ఎర్రబడి వచ్చే అమ్మాయిలను నేను మొదట అడిగేది ‘ట్యూబు తెచ్చారా’ అని. సంచిలోంచి తీస్తారు. అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చిన ట్యూబు, మూతి దగ్గర బొటనవేలి గోరంత మిగిలి ఉంటుంది. వెనక సన్న అక్షరాలు చదివితే బెటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినొలోన్, వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఇవన్నీ స్టెరాయిడ్లు. ఎవరిచ్చారని అడిగితే వదిన అనో, రూమ్‌మేట్ అనో, షాపతను అనో చెబుతారు. డాక్టర్ అని చెప్పేవారు తక్కువ.

మీ ట్యూబు నేను చూడలేదు. అందులో స్టెరాయిడ్ లేకపోవచ్చు కూడా. కానీ మంగు క్రీమ్ అని అడిగినవారికి తరచుగా చేతిలో పెట్టేది హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల మిశ్రమం. దాన్ని మేమూ రాస్తాం. అయితే సాధారణంగా 8 వారాలకు మించకుండా, మధ్యలో పిలిచి చూస్తూ వాడిస్తాం. మీరు రెండేళ్లు వాడారు. చర్మానికి పూసే స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ మీదనే అమ్మాలని కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా పేరు చెబితే చేతికిచ్చే షాపులు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ క్రీములు మొదటి పదిహేను రోజులు అద్దంలో అద్భుతం చూపిస్తాయి. మచ్చ తేలికపడుతుంది, ముఖం తెల్లబడుతుంది, అందరూ ఏం రాస్తున్నావని అడుగుతారు. ఆ తర్వాత చర్మం పలచబడుతుంది. ఎండలోకి వెళితే మంట, చెంపల మీద దారాల్లా ఎర్రటి రక్తనాళాలు, మొటిమలు వస్తాయి. దానితో పాటు మీరు రాసినట్టే చెంపల మీద సన్నని నూగు కూడా పెరుగుతుంది. అవునమ్మా, ముఖం మీద ఎక్కువ కాలం రాసిన స్టెరాయిడ్ వెంట్రుకలను పెంచుతుంది. గడ్డం కింది ముతక వెంట్రుకలు నాలుగేళ్లనాటివి. చెంపల మీది నూగు ఏడాది నాటిది, అంటే క్రీమ్ మొదలుపెట్టాక వచ్చింది. రెండింటికీ కారణం ఒకటే కాకపోవచ్చు. నా అనుమానం నిజమైతే, క్రీమ్ ఆపిన కొన్ని నెలల్లో చెంపల నూగు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. దాని కోసం మీరు ఒక్కొక్క రంధ్రంలో సూది గుచ్చుకోవాలనుకుంటున్నారు.

ఇది చదివి ఈ రాత్రికే ట్యూబు పారేయకండి. ఇన్నాళ్లు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ముఖం కందిపోయి, వాచి, మంటపుడుతుంది. అది భరించలేక మళ్లీ అదే రాస్తారు, అప్పటినుంచి వదలడం ఇంకా కష్టం. ఎలా తగ్గించాలో మీ ముఖం చూసిన చర్మవైద్యులే చెప్పాలి.

ఇక నెలసరి. ‘ఇబ్బందేమీ లేదు’ అన్నారు. నొప్పి లేదు కాబట్టి ఇబ్బంది లేదనుకున్నారు. గడ్డం మీద ముతక వెంట్రుకలు, ఆలస్యమయ్యే నెలసరి కలిసి కనిపిస్తే మేము ముందుగా అనుమానించేది పీసీఓఎస్, అంటే అండాశయాల పనితీరు, హార్మోన్లు గాడి తప్పే సమస్య. సంతాన వయసులో ఉన్న స్త్రీలలో సుమారు పది మందిలో ఒకరికి ఉండే సమస్య ఇది. భయపడాల్సిన జబ్బు కాదు, కానీ పట్టించుకోకుండా వదిలేయకూడదు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోవడం పదేపదే జరిగితే గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే అది మంచిది కాదు. పైగా మీ నాన్నగారికి షుగర్ ఉంది. పీసీఓఎస్ ఉన్నవారికి షుగర్ ముప్పు మామూలు వారికంటే ఎక్కువ.

ఒకసారి అద్దం ముందు నిలబడి, ఇంకో అద్దం సాయంతో మెడ వెనక చూసుకోండి. అక్కడ చర్మం నల్లగా, కాస్త మందంగా, మఖమల్ గుడ్డలా ఉందా? చాలా ఇళ్లలో తల్లులు దాన్ని మురికి అనుకుని పీచుతో రుద్దుతారు, పిల్లలను తిడతారు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని తరచుగా చర్మమే చెప్పే గుర్తు. అది కనిపిస్తే డాక్టర్‌కు తప్పకుండా చూపించండి.

ఏ పరీక్షలు అవసరమో చూసినవారే నిర్ణయిస్తారు. మామూలుగా థైరాయిడ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్, పరగడుపు షుగర్, కొవ్వు పరీక్షలు, పొట్ట స్కానింగ్ చేయిస్తారు. అడ్రినల్ గ్రంథి లోపం ఉందేమో చూసే 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అనే రక్తపరీక్షను నెలసరి మొదలైన 2 నుంచి 5 రోజుల మధ్య, ఉదయం పూట ఇస్తే ఫలితం నమ్మదగ్గదిగా ఉంటుంది. అందుకని ఈసారి నెలసరి వచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. ఒకవేళ వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగినా, గొంతు బొంగురుగా మారినా, నడినెత్తిన జుట్టు పలచబడుతున్నా వారం కూడా ఆగకండి. అలాంటప్పుడు అరుదుగానైనా అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉండవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి మీకు అలా ఉందని నేను అనుకోవడం లేదు, కానీ చూడకుండా లేదని కూడా చెప్పలేను.

ఇప్పుడు మీ మెషిన్. ఎలక్ట్రాలిసిస్ పద్ధతిలో తప్పేమీ లేదు. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటి వైద్యుడు, కంట్లోకి మడుచుకుని గుచ్చుకునే రెప్ప వెంట్రుకలను తీయడానికి దీన్ని వాడారు. శాశ్వతంగా తీసేస్తుందని చెప్పదగ్గ పద్ధతి ఈనాటికీ ఇదే. లేజర్‌తో చాలా తగ్గుతాయి కానీ పూర్తిగా పోతాయని హామీ ఇవ్వలేం. వెంట్రుకంత సన్నని సూదిని రోమకూపంలోకి, వెంట్రుక వాలుకు సరిగ్గా దించి, మిల్లీ ఆంపియర్లలో కొలిచేంత స్వల్ప కరెంటు పంపుతారు. అక్కడి ఉప్పు, నీరు కలిసి కాస్టిక్ సోడాగా మారి వేరును కాల్చేస్తాయి. సరిగ్గా పడితే రంధ్రం అంచున తెల్లటి నురగ చుక్క కనిపిస్తుంది, వెంట్రుక లాగకుండానే జారి వస్తుంది. సరిగ్గా పడకపోతే కాలేది వేరు కాదు, చర్మం. గడ్డం కింద, అద్దంలో తలకిందులుగా చూసుకుంటూ, ఒక చేత్తో చర్మం లాగిపట్టి మరో చేత్తో ఆ కోణం కుదుర్చుకోవడం శిక్షణ పొందినవారికే కష్టం.

కొన్నాళ్ల క్రితం ఒక అమ్మాయి దుపట్టా గడ్డం దాకా లాక్కుని నా ముందు కూర్చుంది. తీయమంటే చాలాసేపు తీయలేదు. గడ్డం కింద ఆవగింజలంత నల్లటి చుక్కలు, కుట్టుమిషన్ మీద కుట్టినట్టు వరుసగా ఉన్నాయి. ఎవరో అమ్మిన పాత మెషిన్‌తో ఇంట్లో చేసుకుందట. ఆ మెషిన్‌లో తీగలు తారుమారయ్యాయి. సూదికి ఋణధ్రువం ఉండాల్సిన చోట ధనధ్రువం వచ్చింది. అలా జరిగితే సూదిలోని లోహమే కరిగి చర్మంలో చేరి పచ్చబొట్టులా నిలిచిపోతుంది. వెంట్రుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి చుట్టూ చుక్కలు మిగిలాయి. పాత మెషిన్‌లో లోపల ఎవరు ఏం మార్చారో మీకు తెలిసే దారి లేదు.

110 వోల్టుల విషయం కూడా అంతే. మన ఇళ్లలో వచ్చేది 230. ట్రాన్స్‌ఫార్మర్ మంచిదైనా, మెషిన్ లోపల ఇన్సులేషన్ పాడైతే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మిమ్మల్ని కాపాడదు. ఒక కొన మీ తడి చేతిలో, ఇంకో కొన మీ ముఖం మీద ఉంటాయి. ఆ రెండింటి మధ్యలో ఉండేది మీ శరీరమే. కరెంటు ఎంత పెట్టుకోవాలని అడిగారు. ఆ అంకె నేను రాయను. రాస్తే చేసుకోమని చెప్పినట్టవుతుంది.

సూదులు మరిగించవచ్చా అంటే, వద్దు. మరిగే నీళ్లలో చాలా క్రిములు చచ్చినా, గట్టి పెంకు కట్టుకున్న కొన్ని బ్యాక్టీరియా చావవు. ఆసుపత్రుల్లో 121 డిగ్రీల ఆవిరిని ఒత్తిడితో పంపి శుద్ధి చేసేది అందుకే. ఈ సూదులు అసలు ఒక్కసారి వాడి పారేయాల్సినవి. మూసేసిన పార్లర్‌లో అవి ఎంతమంది ముఖాలకు తగిలాయో ఎవరు చెబుతారు? హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. సూదిని బిగించే పిడి సంగతి ఇంకా ఎవరూ ఆలోచించరు. మీ వయసువారిలో చాలామందికి చిన్నప్పుడు హెపటైటిస్ బి టీకా పడి ఉండకపోవచ్చు. పడలేదనుకుంటే మూడు డోసులు వేయించుకోండి, ఇది మెషిన్‌తో సంబంధం లేకుండా చెబుతున్న మాట.

అన్నింటికంటే ముఖ్యంగా, మీది రెండేళ్లు క్రీమ్ రాసిన చర్మం. స్టెరాయిడ్ వల్ల పలచబడి ఉంటే దాని మీద సూది పెట్టినా, లేజర్ పెట్టినా, బ్లీచ్ రాసినా త్వరగా కాలుతుంది. మన రంగు చర్మంలో కాలిన చోట నల్ల మచ్చ నెలల తరబడి ఉంటుంది. ముందు చర్మం కోలుకోవాలి. లోపల హార్మోన్ల సమస్య ఉంటే దానికి చికిత్స మొదలవ్వాలి. లేకపోతే ఇవాళ తీసిన వెంట్రుకల పక్కనే కొత్తవి ముతకబడుతూ వస్తాయి. మందులతో మార్పు కనిపించడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. ఆ మందుల పేర్లు కూడా ఇక్కడ రాయడం లేదు. వాటిలో కొన్ని గర్భం వచ్చే అవకాశం ఉన్నప్పుడు వాడకూడనివి, మీ ఇంట్లో పెళ్లి మాట నడుస్తోంది.

దీపావళి లోపు ఏం చేయాలంటారా? గడ్డం కింద వెంట్రుకలను చిన్న కత్తెరతో కత్తిరించుకోండి, శుభ్రమైన కొత్త రేజర్‌తో తీసుకున్నా ఫరవాలేదు. గీసుకుంటే ముతకగా వస్తాయనేది అపోహ. కొన మొద్దుగా ఉండటం వల్ల చేతికి అలా తగులుతుంది, అంతే. దారంతోనే తీయించుకుంటే, దారం కొన పళ్ల మధ్య పట్టుకుని తీసే పార్లర్‌కు వెళ్లకండి. చెంపలను అసలు ముట్టుకోనివ్వకండి. పగటిపూట సన్‌స్క్రీన్ రాసుకోండి. పెళ్లిచూపుల కోసం ఇంకో కొత్త క్రీమ్ మొదలుపెట్టకండి, ఎవరు చెప్పినా సరే. ఇంట్లో అమ్మకు ఈ నెలసరి సంగతి చెప్పండి. దాచుకోవాల్సింది ఏమీ లేదు.

ఈ జవాబు మీ ఉత్తరం చదివి రాసింది మాత్రమే, మిమ్మల్ని చూసి ఇచ్చిన చికిత్స కాదు. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి, అక్కడినుంచే స్త్రీల వైద్య విభాగానికి కూడా పంపుతారు. లేదా మీకు దగ్గర్లోని అర్హత గల చర్మవైద్యులను కలవండి. ఈ వారమే వెళ్లండి, నోటిఫికేషన్ వచ్చాకనో పరీక్ష అయ్యాకనో అని వాయిదా వేయకండి. వెళ్లేటప్పుడు గత ఏడాది నెలసరి తేదీలు గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసుకుని, ఆ ట్యూబును వెంట తీసుకెళ్లండి. ఖాళీ అయిపోయినా సరే, మీద అక్షరాలు కనిపిస్తే చాలు.