ఫోన్‌కి ‘సాఫ్ట్‌వేర్ వేయించే’ ముందు

ఈ వారం పాఠకుల నుంచి వచ్చిన సమస్యలు వేరువేరైనా చివరి ప్రశ్న మాత్రం ఒకటే: ‘షాపులో సాఫ్ట్‌వేర్ వేయాలంటున్నారు, వేయించమంటారా?’ ఆగండి. అక్కడ చేసేది చాలాసార్లు ఫ్యాక్టరీ రీసెట్టే, అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేయడం. అందాకా వెళ్లక్కర్లేకుండా ఇంట్లోనే సరిచేసుకోగలిగినవి చాలా ఉన్నాయి.

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. కరెంటు పోతే మొబైల్ స్టార్టర్ (ఫోన్‌తో మోటార్లు నడిపే పెట్టె) యాప్ నుంచి అలర్ట్ రావాలి. పగలు వస్తోంది, రాత్రి రావడం లేదు. పొద్దున్న ఫోన్ తీయగానే అన్నీ ఒకేసారి మోగుతున్నాయి. యాప్ పాడైందా?

యాప్ బాగానే ఉంది, ఫోనే దాన్ని పడుకోబెడుతోంది. పొద్దున్న అలర్టులన్నీ గుంపుగా రావడమే అందుకు రుజువు. ఛార్జింగ్‌లో లేకుండా, స్క్రీన్ ఆరిపోయి, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో యాప్‌లకు నెట్ అందకుండా ఆపే ఏర్పాటు ఆండ్రాయిడ్ 6 నుంచీ ఉంది. బ్యాటరీ ఆదా కోసం పెట్టారు. కానీ చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కదా. ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగిన సంగతి ఏడింటికి తెలిస్తే ఏం లాభం?

సెట్టింగ్స్‌లో ‘యాప్స్’కి వెళ్లి స్టార్టర్ యాప్‌ని తెరవండి. అందులో ‘బ్యాటరీ’ నొక్కి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి. షావొమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లయితే అది ఒక్కటే సరిపోదు, ‘ఆటోస్టార్ట్’ కూడా వెతికి ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు అనుమతి విడిగా ఇవ్వాలి, అదీ చూసుకోండి. తర్వాత ఫోన్‌ని ఓ గంటసేపు ముట్టుకోకుండా వదిలేసి, చెరువు దగ్గరున్న మనిషితో కాసేపు కరెంటు మెయిన్ స్విచ్ ఆపించండి. అలర్ట్ వచ్చిందా, పని అయినట్టే.

అయినా నేనైతే ఒక్క నోటిఫికేషన్‌ని నమ్ముకుని నిద్రపోను. మీ స్టార్టర్‌లో సిమ్ ఉండి, కాల్ చేసే సదుపాయం ఉంటే అదే పెట్టించుకోండి. మామూలు ఫోన్ కాల్‌కి నెట్‌తో పనిలేదు. ఆ నంబర్‌ని కాంటాక్ట్స్‌లో స్టార్ చేసి, ‘డూ నాట్ డిస్టర్బ్’లో స్టార్ ఉన్నవాళ్ల కాల్స్‌కి అనుమతి ఇవ్వండి. అక్కడే ‘రిపీట్ కాలర్స్’ అని ఇంకో మీట ఉంటుంది. 15 నిమిషాల్లో అదే నంబర్ రెండోసారి చేస్తే ఆ కాల్ మోగుతుంది. ఇదీ ఆన్ చేసి ఉంచండి.

మాది రాజోలు. అమ్మమ్మ ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయింది. కువైట్‌లో ఉన్న పిన్ని పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోకుండా ఖాళీ చేయడం ఎలా?

ముందు ఒక మాట. ఫోన్ సెట్టింగ్స్‌లోని వాట్సాప్ స్టోరేజ్ పేజీలో ‘క్లియర్ క్యాష్’, ‘క్లియర్ డేటా’ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది తాత్కాలిక ఫైళ్లనే తీసేస్తుంది, నొక్కితే నష్టం లేదు. రెండోది యాప్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది, దాన్ని మాత్రం పొరపాటున కూడా నొక్కొద్దు, కొన్ని ఫోన్లలో దాన్నే ‘క్లియర్ స్టోరేజ్’ అంటారు.

వాట్సాప్ లోపలి సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. గుడ్ మార్నింగ్ వీడియోలు, సంక్రాంతికి ఊరంతా పంపుకున్న పందేల వీడియోలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. నిర్మొహమాటంగా తీసేయండి. వాయిస్ మెసేజ్‌లు చాలా చిన్నవి, అవి తీసేసినా పెద్దగా ఖాళీ కూడా రాదు. ముఖ్యమైన వాటిని నొక్కి పట్టుకుని, ‘షేర్’ ద్వారా గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. చాట్ బ్యాకప్ కూడా ఆన్ చేయండి. అయితే ఆ బ్యాకప్ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోకే వస్తుంది, అందుకే వీడియోలను అందులో చేర్చకండి.

పాలకొల్లు నుంచి: ఏ యాప్ తెరవకపోయినా ఫుల్ స్క్రీన్ ప్రకటనలు వస్తున్నాయి.

ప్రకటన తెరపై ఉండగానే రీసెంట్స్ బటన్ (ఇటీవల తెరిచిన యాప్‌లను చూపేది) నొక్కండి. పైన ఏ యాప్ బొమ్మ కనిపిస్తుందో ఆ యాప్ పనే అది. టార్చ్, వాల్‌పేపర్, లేదంటే ఫోన్‌ని శుభ్రం చేస్తానని వచ్చిన క్లీనర్ యాప్ అయ్యుంటుంది! అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పోనని మొండికేస్తే సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ వెతికి, దాని అనుమతి తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

వాట్సాప్‌లో వచ్చిన ‘పీఎం కిసాన్’, ‘చలానా’ లాంటి ఏపీకే ఫైల్‌ని (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ వేసే ఫైల్) ఇన్‌స్టాల్ చేసి ఉంటే మాత్రం సంగతి వేరు. అది ప్రకటనలతో ఆగదు, ఓటీపీలు చదువుతుంది. వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఆ ఫోన్‌కి రీసెట్టే మందు.

నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కేసరికి వానకి ఫోన్ తడిసింది. బియ్యం డబ్బాలో పెట్టి తీశాను. ఛార్జర్ గుచ్చితే ఇంకా తేమ ఉందంటోంది.

బియ్యంలో పెట్టకండి, నూకలూ పొడీ పోర్టులోకి పోతాయి. ఐఫోన్ల విషయంలో ఆపిల్ కూడా వద్దనే చెబుతోంది. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని నెమ్మదిగా తట్టి, ఫ్యాన్ గాలికి ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు. పూర్తిగా ఆరి, ఒకరోజు గడిచినా హెచ్చరిక పోకపోతే రీస్టార్ట్ చేయండి. శాంసంగ్ అయితే యాప్స్ జాబితాలో సిస్టమ్ యాప్‌లు కూడా కనిపించేలా చేసి, ‘యూఎస్‌బీ సెట్టింగ్స్’ క్యాష్ క్లియర్ చేయండి. ఈలోగా మీ ఫోన్‌కి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే, పైన తడి తుడిచేసి దాంతో నెట్టుకురావచ్చు.