టీచర్లు మారారని గ్రూపు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నిరుటి దాకా లెక్కల్లో ముందుండేది, ఇంజనీరింగ్ చేస్తాననేది. ఈ ఏడాది లెక్కలకు ముగ్గురు టీచర్లు మారారు, మార్కులు సగానికి పడిపోయాయి. ‘నాకు లెక్కలు రావు, వేరే గ్రూపు తీసుకుంటా’ అంటోంది. తన మాట వినాలా, స్కూలు మార్చాలా?

జవాబు: గ్రూపు సంగతి ఇప్పుడే తేల్చకండమ్మా. ఒకే ఏడాదిలో ముగ్గురు మారినప్పుడు వచ్చిన మార్కులు పిల్ల తెలివి గురించి చెప్పేది తక్కువ, స్కూలు తన స్టాఫ్‌ను ఎలా నడుపుతోందో చెప్పేది ఎక్కువ.

ముందు తన లెక్కల నోట్సు తీసి ఎర్రసిరా దిద్దుబాట్లు చూడండి. దిద్దిన చేతిరాత ఎక్కడ మారిందో ఆ పేజీ దగ్గర ఆగండి. బహుపదుల కారణాంకాలు సగంలో ఉండగా ఒకరు మానేసి ఉంటారు. తర్వాత వచ్చినవారు అది అయిపోయిందనుకుని కొత్త పాఠం మొదలుపెట్టి ఉంటారు. ఎంతవరకు చెప్పారో, ఎవరు వెనకబడ్డారో రాసి అప్పగించి వెళ్లే పద్ధతి ఉంటే ఈ గండి పడదు. అది చూసుకోవాల్సింది హెడ్‌మాస్టరు, మీ అమ్మాయి కాదు.

భారత్‌తో సహా 8 దేశాల్లో 1,800కు పైగా హైస్కూళ్లను పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. మంచి టీచర్లను నిలుపుకోవడం, సరిగా చెప్పనివారి విషయం పట్టించుకోవడం, పిల్లల ప్రగతిని ఎప్పటికప్పుడు చూసుకోవడం లాంటివి బాగా జరిగే స్కూళ్లలో ఫలితాలూ మెరుగ్గా కనిపించాయి. న్యూయార్క్‌లో 4, 5 తరగతుల మీద చేసిన మరో పరిశోధన (2013) ఇంకో మాట చెప్పింది: టీచర్లు ఎక్కువగా మారే చోట, అక్కడే ఉండిపోయిన టీచర్ల దగ్గర చదివే పిల్లలకూ దెబ్బ తగిలింది. చిన్న తరగతుల సంగతే అయినా, సెక్షన్ మారిస్తే సరిపోతుందని మాత్రం అనుకోకండి.

స్కూలుకు వెళ్లి ర్యాంకుల గురించి కాదు, వీటి గురించి అడగండి. లెక్కల టీచర్లు సగటున ఎన్నేళ్లు ఉంటున్నారు? టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్‌లో పాఠం జరుగుతుందా, లేక ఎవరో వచ్చి పిల్లల్ని ఊరికే కూర్చోబెడతారా? హెడ్‌మాస్టరు క్లాసులో కూర్చుని పాఠం చూసి ఎన్నాళ్లయింది? ‘మా స్టాఫంతా అనుభవజ్ఞులే’ అని దాటవేస్తే మీకు జవాబు దొరికినట్టే. టీచర్ల మీద కోపం తెచ్చుకోకండి. ఊపిరాడనన్ని పీరియడ్లు వేసి, పైన ఆఫీసు పని కూడా అప్పజెబితే ఎవరైనా వెళ్లిపోతారు.

ఈలోగా, ఆ ఆగిన పేజీ నుంచి ఓపికగా చెప్పేవారిని ఒకరిని చూడండి. రెండు నెలలు చాలు. తర్వాత పాత పేపరు ఒకటి టైమ్ పెట్టకుండా చేయించండి. లెక్క పడ్డాక కూడా ఆ సబ్జెక్టు వద్దంటే అది ఇష్టాయిష్టాల సంగతి, అప్పుడు తన మాట వినండి. స్కూలు మార్చక తప్పదనిపిస్తే పదో తరగతి మొదలయ్యేలోపే మార్చండి. ఏడాది మధ్యలో మారిస్తే తనకు నాలుగో టీచర్ వచ్చినట్టే.