మొండి క్లిప్పులను విరగకుండా విప్పడం ఎలా?

ప్రశ్న: మా కారు పన్నెండేళ్ల నాటిది. ఫాగ్ ల్యాంప్ బల్బు మార్చుదామని ముందు చక్రం పైనుండే నల్లటి ప్లాస్టిక్ లైనింగ్‌ను విప్పడం మొదలుపెట్టాను. దానిని పట్టి ఉంచే ఏడు ప్లాస్టిక్ క్లిప్పుల్లో మూడు విరిగిపోయాయి. రెండింటి పిన్ను స్క్రూడ్రైవర్‌తో ఎంత తిప్పినా అక్కడే తిరుగుతోంది తప్ప పైకి రావడం లేదు. మిగిలిన రెండింటిపై చెయ్యి వేయడానికే జంకుతున్నాను. వీటిని విప్పే పద్ధతి ఏమైనా ఉందా? విప్పినవి మళ్లీ పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: మీరు మూడు విరగ్గొట్టారంటే చేతిలో బలం ఎక్కువై కాదు, ఆ క్లిప్పు ఎలా పట్టుకుంటుందో ముందు చూసుకోకపోవడం వల్ల. ఈ క్లిప్పులో రెండు భాగాలుంటాయి. బయటిది పైన తల, కింద చీలిన కాళ్లు ఉన్న గొట్టం, లోపలిది ఆ గొట్టం మధ్యలో దిగే పిన్ను. పిన్ను దిగినప్పుడు కాళ్లు విచ్చుకుని రంధ్రం వెనక అడ్డం పడతాయి. కాబట్టి పిన్ను లోపల ఉన్నంతసేపూ తలను పట్టుకుని ఎంత లాగినా కాళ్లు ముడుచుకోవు, మెడ దగ్గర తెగిపోతుంది. ముందు పిన్నును వదులు చేయాలి, ఆ తరువాతే తలను ఎత్తాలి.

పిన్నును వదులు చేసే తీరు అన్నిటికీ ఒకటి కాదు. పిన్ను అంచు కింద చిన్న సందు కనిపిస్తే దానిని పైకి లేపాలి. నడుమ చిన్న గుంట ఉండి, పిన్ను తలతో సమంగా ఉంటే లోపలికి నొక్కాలి. అదీ రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే, ‘టక్’మన్న చప్పుడు వినపడగానే ఆపేయాలి, ఇంకా నొక్కితే పిన్ను ఊడి లోపల పడిపోతుంది. ప్లస్ గాటు ఉంటే తిప్పాలి. పైకి లేపవలసిన దానిని లోపలికి నొక్కడం, నొక్కవలసిన దానిని పెకిలించడం వల్లనే ఎక్కువ క్లిప్పులు పాడవుతాయి.

మీ రెండు తిరుగుడు పిన్నుల సంగతికి వస్తాను. తిప్పేటప్పుడు బయటి తల కూడా పిన్నుతో పాటు తిరుగుతోందేమో ముందు చూడండి. తిరుగుతుంటే తల అంచును నోస్ ప్లయర్‌తో కదలకుండా పట్టుకుని పిన్నును తిప్పితే సరిపోతుంది. తల నిలకడగా ఉండి పిన్ను ఒక్కటే తిరుగుతుంటే దాని మర అరిగిపోయిందన్నమాట. అప్పుడు పలచటి ఫ్లాట్ స్క్రూడ్రైవర్ మొనను పిన్ను అంచు కిందికి జొనిపి, ఎడమ చేత్తో కొద్దికొద్దిగా పైకి ఎత్తుతూ, కుడి చేత్తో ప్లస్ స్క్రూడ్రైవర్‌ను నెమ్మదిగా తిప్పాలి. ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది: గాటు జారిపోతుందన్న భయంతో స్క్రూడ్రైవర్‌ను గట్టిగా అదుముతారు. ఇనుప స్క్రూకు ఆ అలవాటు మంచిదే గానీ, ఇక్కడ ఆ ఒత్తిడే పైకి రాబోయే పిన్నును మళ్లీ లోపలికి తోసేస్తుంది. మొన గాటులో ఆనీ ఆననట్టు ఉంటే చాలు.

ఇన్నేళ్ల బండికి అసలు అడ్డంకి చాలావరకు మట్టే. మీ ప్రాంతపు నల్లరేగడి బురద పిన్నుకూ గొట్టానికీ మధ్య చేరి ఎండిందంటే సిమెంటు పోసినట్టే బిగుసుకుంటుంది. అందుకని పనిముట్టు పట్టుకునే ముందు క్లిప్పుల మీద నీళ్లు చల్లి, పది పదిహేను నిమిషాలు నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో ఆ సందును శుభ్రం చేయండి. ఈ క్లిప్పుల్లో చాలావరకు నైలాన్‌తో చేసినవి. నైలాన్ తడిని పీల్చుకుంటే కొంత సాగుతుంది, బాగా ఎండితే పెళుసుబారుతుంది. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి కాగినది మరీ పెళుసుగా ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున ఈ పని పెట్టుకోకండి. తప్పదనుకుంటే హెయిర్ డ్రయ్యర్‌తో క్లిప్పును చేతికి వెచ్చగా తగిలేంత వరకు కాచి, ఆ వెంటనే విప్పండి. థిన్నర్ మాత్రం పోయవద్దు, అది పక్కనున్న బంపర్ పెయింట్‌ను తినేస్తుంది.

పనిముట్టుగా పాము నాలుకలా చీలిన ట్రిమ్ టూల్ ఒకటి కొనుక్కోవడం మంచిది. తల రెండు వైపులా సమంగా లేస్తుంది కాబట్టి మెడ విరగదు. స్క్రూడ్రైవర్ తప్ప మరేదీ లేకపోతే దాని మొనకు ఇన్సులేషన్ టేపు చుట్టి, కింద గుడ్డ మడత పెట్టి ఎత్తండి. ఒకసారి నేను ఆ మాత్రం ఓపిక పట్టక ఫెండర్ (చక్రం పైనుండే రేకు) మీద వేలెడంత గీత పెట్టాను. కొద్ది రూపాయల క్లిప్పును కాపాడబోయి పెయింటు చెడగొట్టుకున్నాను. అందుచేత ఏ ఉపాయానికీ లొంగని క్లిప్పును కటింగ్ ప్లయర్‌తో తల కత్తిరించి, మిగిలిన దానిని లోపలికి తోసేయడానికి సందేహించకండి. ప్లయర్ పట్టు దొరకని చోట 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో పిన్ను నడుమ రంధ్రం చేస్తే కాళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి.

విప్పిన వాటిలో కాళ్ల మడత దగ్గర తెల్లటి గీతలు కనిపించినవి పారేయండి, తక్కినవి నిక్షేపంగా వాడుకోవచ్చు. కొత్తవి కొనడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్లేటప్పుడు ఒక పాత క్లిప్పును నమూనాగా తీసుకెళ్లండి. బయటికి ఒకేలా కనిపించినా 7 మిల్లీమీటర్ల రంధ్రానిది 8 మిల్లీమీటర్ల రంధ్రంలో నిలవదు. బిగించేటప్పుడు పిన్ను పైకి లేచి ఉండగా తలను రంధ్రంలో పూర్తిగా కూర్చోబెట్టి, ఆ తరువాత పిన్నును నొక్కాలి. నొక్కి విప్పే రకమైతే ముందుగా పిన్నును వెనక నుంచి తోసి, దాని మొన తల పైకి పొడుచుకు వచ్చేలా చేసుకోవాలి. మూడు లేకపోయినా ఫర్వాలేదని లైనింగ్‌ను అలాగే వదిలేయకండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు అది టైరుకు రాసుకుంటుంది.

ప్రశ్న: స్పీకర్ మార్చడానికి కారు తలుపు లోపలి వైపుండే డోర్ ప్యాడ్ విప్పాలి. దానికీ ఇదే పద్ధతా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: కాదండీ. డోర్ ప్యాడ్ వెనక ఉండే క్లిప్పులకు సాధారణంగా నడిమి పిన్ను ఉండదు, ఈతచెట్టు మొద్దులా మెట్లు మెట్లుగా ఉండి రేకు రంధ్రంలోకి దిగి ఉంటాయి. ముందుగా హ్యాండిల్ గిన్నెలోనూ, చేయి ఆనించే చోటా మూత కింద దాగిన స్క్రూలను తీయండి. ‘ఎంత లాగినా రావడం లేదు’ అనేవారిలో చాలామంది మరచిపోయే స్క్రూ అదే. తరువాత కింది మూల నుంచి మొదలుపెట్టి, ట్రిమ్ టూల్‌ను సరిగ్గా క్లిప్పు పక్కనే ఉంచి, మీ వైపుకు తిన్నగా లాగండి. రెండు క్లిప్పుల మధ్య లాగితే క్లిప్పు ఊడదు సరికదా, ప్యాడ్ అట్ట చిరిగిపోతుంది. అన్నీ ఊడాక ప్యాడ్‌ను అద్దం అంచు మీదుగా పైకి ఎత్తి తీయాలి. అయితే ఒక్కసారిగా ఎత్తేయవద్దు, వెనక పవర్ విండో వైర్లు ఉంటాయి. ఆ కనెక్టర్‌ను లాక్ నొక్కి విప్పాలి, వైరు పట్టుకుని లాగకూడదు. తలుపుల మధ్య స్తంభం మీదో, సీటు పక్కనో ఎయిర్‌బ్యాగ్ ముద్ర కనిపిస్తే అక్కడి ట్రిమ్ (లోపలి తొడుగు) జోలికి మీరు వెళ్లవద్దు, ఆ పని సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి.