గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా విండో యానిమేషన్ ఉంచుకోండి

"గ్రాఫిక్స్ కార్డు లేని పాత కంప్యూటర్‌లో విండో మినిమైజ్ చేసినప్పుడు చిన్న యానిమేషన్ ఏదైనా పెట్టుకోవచ్చా, లేక స్పీడు కోసం అన్నీ తీసేయడమే మంచిదా?" అని అడిగారు. పెట్టుకోవచ్చు. పెట్టుకుని తీరాలంటాను నేను. అన్నీ తీసేయమని చెప్పేవాళ్ల మాట మాత్రం వినకండి.

నేను గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ సెంటర్ నడుపుతాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ పుస్తకాలు. మా దగ్గర ఇప్పటికీ ఒక విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఉంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, పాత కస్టమర్ల ఫైళ్లు అన్నీ దాంట్లోనే. 512 ఎంబీ ర్యామ్, బోర్డు మీదున్న గ్రాఫిక్సే. రోజంతా చక్కగా పనిచేస్తుంది.

ఒకసారి ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) పోతే మెకానిక్‌ని పిలిచాం. అతను ఎస్ఎంపీఎస్ మార్చి, మేం అడక్కుండానే "స్పీడు పెంచాను సార్" అని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రమే రిటైరైన తెలుగు మాస్టారొకరు తన పద్యాల పుస్తకం ప్రూఫులు దిద్దించుకోవడానికి వచ్చారు. మా ఆపరేటర్ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని, కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని, ఒక్కో పాదం చదువుతున్నారు. ఆ అమ్మాయి కవర్ పేజీ చూపిద్దామని పేజ్‌మేకర్‌ని మినిమైజ్ చేసింది. రెప్పపాటులో పేజీ మాయం. ఖాళీ డెస్క్‌టాప్.

మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు. "అమ్మాయ్, నా పద్యాలేవి?" అన్నారు. "ఇక్కడే ఉన్నాయి మాస్టారూ" అని టాస్క్‌బార్ మీద నొక్కితే పేజీ వచ్చింది. మళ్లీ నొక్కితే పోయింది. ఆయన టెన్షన్ తగ్గలేదు. "వస్తే వచ్చింది గానీ, పోయినప్పుడు ఎటు పోయిందో నాకు కనపడలేదు తల్లీ" అన్నారు. ఆ మాట నాకు బాగా పట్టుకుంది. ఆయనకి కంప్యూటర్ తెలియకపోవడం కాదు అసలు సంగతి. కళ్ల ముందున్న వస్తువు ఎటు వెళ్లిందో చూపించే పని కంప్యూటర్‌ది. ఆ పనిని మా మెకానిక్ ఒక్క టిక్కుతో పీకేశాడు.

నేను వెళ్లి మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్ తెరిచాను. "అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్" పెట్టి ఉంది, కింద ఒక్క టిక్కూ లేదు. "యానిమేట్ విండోస్ వెన్ మినిమైజింగ్ అండ్ మాగ్జిమైజింగ్" అన్న చోట టిక్కు పెట్టి ఓకే కొట్టాను. ఈసారి మినిమైజ్ చేస్తే టైటిల్ బార్ ఒక్కటే చిన్నదవుతూ కిందకి జారి, టాస్క్‌బార్‌లో తన బటన్ దగ్గర ఆగింది. మాస్టారు స్క్రీన్ మీద వేలితో ఆ దారి వెంటే వెళ్లి, "ఆఁ, ఇక్కడ కూర్చుందా" అన్నారు. ఇక ఆ రోజు మళ్లీ అడగలేదు.

ఇది విండోస్ 95 నాటి పద్ధతి. ఆ రోజుల్లో మన ఇళ్లలో గ్రాఫిక్స్ కార్డు అన్న మాటే ఎవరూ ఎత్తేవాళ్లు కాదు, అయినా టైటిల్ బార్ హాయిగా జారేది. 2006లో లైనక్స్‌లో (విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత సిస్టమ్) కాంపిజ్ అనే ప్రోగ్రాం వచ్చింది, డెస్క్‌టాప్ పెట్టెలా గిరగిరా తిరిగేది. ఆ మరుసటి ఏడు విండోస్ విస్టాతో ఏరో అనే గాజు అద్దాల్లాంటి విండోలు వచ్చాయి. వాటికి నిజంగానే మంచి గ్రాఫిక్స్ కావాలి. అప్పటి నుంచి యానిమేషన్ అంటే అదే అని జనం మనసులో ముద్ర పడిపోయింది. కదలిక కావాలంటే కార్డు కొనాలి, కార్డు లేకపోతే అన్నీ కూరలో కరివేపాకులా ఏరిపారేయాలి. మధ్యలో ఇంకో దారి ఉందని చెప్పేవాళ్లే లేరు.

ఎందుకంత తేలికో చూడండి. వెడల్పు 600, ఎత్తు 400 పిక్సెళ్ల విండోని పూర్తిగా కదిలించాలంటే ప్రతి అడుగుకీ 2,40,000 పిక్సెళ్లు మళ్లీ గీయాలి. దాని అంచులు మాత్రమే గీస్తే సుమారు 2,000 చాలు. పాత సిస్టమ్‌లలో విండోని లాగుతుంటే చుట్టూ గీతల చట్రం కనిపించేది, గుర్తుందా? అక్కడున్న రంగుల్ని తలకిందులు చేసి ఆ గీత గీసేవారు. అదే చోట అదే గీత రెండోసారి గీస్తే పాత రంగులు వాటంతటవే తిరిగొస్తాయి. వెనకున్న ప్రోగ్రాములకి ఆ కదలిక సంగతే తెలియనక్కర్లేదు. ప్రాసెసర్‌కి ఇదొక లెక్క కాదు.

కాబట్టి విండోస్‌లో నా పద్ధతి ఇది. మినిమైజ్ యానిమేషన్ ఉంచండి. మెనూలు మెల్లగా తేలడం, నీడలు, ఇవన్నీ తీసేయండి, ఎవరికీ లోటు ఉండదు. "షో విండో కంటెంట్స్ వైల్ డ్రాగింగ్" కూడా తీసేస్తే లాగేటప్పుడు అంచు గీత మాత్రమే కదులుతుంది, పాత సిస్టమ్‌కి ఊపిరి వచ్చేది అక్కడే. "స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్" జోలికి మాత్రం వెళ్లకండి. ఈ మెకానిక్కులు దాన్ని కూడా తీసేస్తారు, నాకు ఒళ్లు మండేది దానికే. ఇంగ్లీషు అక్షరాలు ఎలాగోలా నెట్టుకొస్తాయి. తెలుగులో కి, కీ మధ్య తేడా ఒక చిన్న మెలిక. అంచులు గరుకుగా మారితే చిన్న సైజులో అది కనపడదు. వత్తుల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ప్రూఫులు దిద్దేవాళ్ల కళ్లు పోతాయి. స్పీడు పెంచానని చెప్పిపోయే మనిషి ఒక్క పేజీ తెలుగు టైపు చేసి చూసుకోవాలి.

విండోస్ 8 నుంచి పరిస్థితి వేరు. అక్కడ ప్రతి విండోనీ విడిగా గీసి స్క్రీన్ మీద కలిపే ఏర్పాటు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, ఆపడానికి లేదు. సరైన గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్‌ని విండోస్ చేత పనిచేయించే సాఫ్ట్‌వేర్) లేకపోతే ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. అందుకని ముందు డ్రైవర్ సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకోండి. చాలామంది డివైస్ మేనేజర్‌లో "బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని, అంటే అసలు డ్రైవర్ ఎక్కలేదని, ఉన్నా పట్టించుకోకుండా సిస్టమ్ పాతబడిందని తిడుతుంటారు.

లైనక్స్‌కి మారే ఉద్దేశం ఉంటే విండోల్ని నడిపే ఓపెన్‌బాక్స్ అనే ప్రోగ్రాం వాడే డెస్క్‌టాప్ తీసుకోండి. లుబుంటు అనే తేలికపాటి లైనక్స్‌లో పాతరోజుల్లో ఎల్ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ ఉండేది, 18.10 వెర్షన్ నుంచి ఎల్ఎక్స్‌క్యూటీ వచ్చింది, రెండింటి కిందా ఓపెన్‌బాక్సే. దానికి కంపోజిటర్ (విండోల్ని విడిగా గీసి కలిపే ఏర్పాటు) లేకుండానే మినిమైజ్ యానిమేషన్ ఉంది, ఎక్స్‌పీలో లాగే టైటిల్ బార్ మాత్రమే జారుతుంది. దాని సెట్టింగుల ప్రోగ్రాం ఆబ్‌కాన్ఫ్ తెరిస్తే "యానిమేట్ ఐకనిఫై అండ్ రీస్టోర్" అనే టిక్కు కనిపిస్తుంది. లైనక్స్‌లోనే మాటే అనే డెస్క్‌టాప్ అయితే, దాంట్లో విండోల్ని నడిపే మార్కో సెట్టింగుల్లో "రెడ్యూస్‌డ్ రిసోర్సెస్" అని ఒకటి ఉంటుంది. పేరు చూసి మంచిదే కదా అని ఆన్ చేసేరు, అది యానిమేషన్లనే ఆపేస్తుంది.

మీది ఏ విండోస్, ర్యామ్ ఎంత అన్నది ప్రశ్నలో లేదు. అది రాస్తే ఏ టిక్కు ఉంచాలో, ఏది తీయాలో వరసగా చెబుతాను. ఆ కంప్యూటర్ ముందు ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుంటారా అన్నది కూడా రాయండి.