ఫ్యూజులు తప్పుగా రాసిన ఏటీమెగా 328పి మళ్లీ పలుకుతుందా?

ఏటీమెగా 328పి మైక్రోకంట్రోలర్‌లో క్లాక్ ఫ్యూజ్ (చిప్ ఏ క్లాక్‌తో నడవాలో చెప్పే సెట్టింగ్) మార్చినప్పటి నుంచి ప్రోగ్రామర్ (చిప్‌లోకి కోడ్ ఎక్కించే పరికరం) పెడితే "టార్గెట్ జవాబివ్వట్లేదు" అనే వస్తోంది, చిప్ పోయినట్టేనా అని అడిగారు. మార్చింది క్లాక్ ఫ్యూజ్ ఒక్కటే అయితే పోలేదు, పారేయకండి.

నాకూ ఇదే జరిగింది. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండే రోజులు. బ్రెడ్‌బోర్డ్ మీది 328పిని దాని లోపలి 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌తోనే నడుపుదామనుకున్నాను. లో ఫ్యూజ్‌లో హెక్స్ ఈ2 రాయాల్సింది, నిద్రమత్తులో ఈ0 కొట్టాను. అంతే, చిప్ మూగబోయింది. నా ప్రోగ్రామర్ యూఎస్‌బీ ఏఎస్‌పీ వైర్లు పీకి పెట్టడం, పీకి పెట్టడం, ఓ గంట గడిచిపోయింది. రాత్రి పదకొండుకి ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్పీ రోడ్‌కి వెళ్లి ఇంకో చిప్ కొనుక్కునే పరిస్థితి లేదు.

ఐఎస్‌పీ ద్వారా, అంటే చిప్‌ని సర్క్యూట్‌లో ఉంచే ప్రోగ్రాం చేయాలన్నా చిప్‌కి క్లాక్ నడుస్తూ ఉండాలి. ఈ0 అంటే క్లాక్ బయటినుంచి వస్తుందని చిప్‌కి చెప్పడం. నేను 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పీకోఫారడ్ కెపాసిటర్లు పెట్టి చూశాను, ఉలుకూ పలుకూ లేదు. ఆ సెట్టింగ్‌లో క్రిస్టల్‌ని ఊపే ఆసిలేటర్ పనిచేయదు మరి. మీరు ఎఫ్ఎఫ్ రాసుంటే మాత్రం క్రిస్టల్ పెడితే సరిపోతుంది.

చివరికి రూమ్మేట్ ఆర్డుయినో ఊనో బోర్డు ఆదుకుంది. దాని టైమర్ 1ని సీటీసీ మోడ్‌లో (లెక్క ఒక విలువకి చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేలా) పెట్టి, ఆ విలువ ఉండే ఓసీఆర్1ఏ రిజిస్టర్‌లో 0 వేసి, 9వ పిన్‌ని టాగుల్ చేయిస్తే 8 మెగాహెర్ట్జ్ చదరపు తరంగం వస్తుంది. ఆ పిన్ నుంచి 28 కాళ్ల చిప్‌లో ఎక్స్‌టాల్1 అనే క్లాక్ ఇన్‌పుట్‌కి, అంటే అక్కడా 9వ కాలికే, ఒక చిన్న వైరు. రెండింటి గ్రౌండ్లు కలపడం మర్చిపోవద్దు, నేను మర్చిపోయి ఇంకో పావుగంట తిట్టుకున్నాను. కలపగానే 1ఈ 95 0ఎఫ్ అని సిగ్నేచర్ (చిప్ గుర్తింపు సంఖ్య) వచ్చింది. ఈ2 రాసి, వెనక్కి చదివి సరిచూసుకున్నాకే క్లాక్ వైరు తీశాను.

అప్పటికీ పలక్కపోతే ప్రోగ్రామర్ వేగం తగ్గించండి. ఎనిమిదితో భాగించే ఫ్యూజ్ ఆన్‌లో ఉంటే చిప్ 1 మెగాహెర్ట్జ్‌కే నడుస్తుంది, అప్పుడు ఎస్‌సీకే, అంటే ప్రోగ్రామర్ పంపే క్లాక్, 250 కిలోహెర్ట్జ్‌కి లోపే ఉండాలి. ప్రోగ్రాం చేసే ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్‌లో మైనస్ బీ 10 (-B 10) ఇస్తే చాలు. అన్నట్టు, ఈ ఫ్యూజుల్లో 0 అంటే ఆన్, 1 అంటే ఆఫ్. ఈ లెక్క పెట్టినవాళ్లకి ఓ దండం.

రీసెట్ కాలిని మామూలు పిన్‌గా మార్చే ఫ్యూజ్ కూడా కదిపి ఉంటే ఈ క్లాక్ వైద్యం పనిచేయదు, 12 వోల్టుల హై వోల్టేజ్ ప్రోగ్రామర్ కావాలి. మీరు ఏ విలువలు రాశారో టెర్మినల్ హిస్టరీలో ఉంటుంది, చూసి ఇక్కడ పెట్టండి.