కాలేజీ నుంచి నోటీసు వస్తే వీసా పోయినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ) చదువుతున్నాడు. ప్రోగ్రామింగ్ అసైన్‌మెంటు ఇంకో విద్యార్థి రాసిన దానితో దాదాపు అక్షరం తేడా లేకుండా ఉందని, వచ్చి మాట్లాడాలని కాలేజీ లేఖ పంపింది. ఈ సంగతి వాడు మాకు చెప్పలేదు, వాడి స్నేహితుడి ద్వారా తెలిసింది. మేము ఫోన్ చేస్తే కాలేజీ వాళ్ళు మాట్లాడలేదు. వీసా పోతుందా? డల్లాస్‌లో ఉన్న మా తమ్ముణ్ణి పంపమంటారా? ఆ సబ్జెక్టు వదిలేస్తే గొడవ తీరుతుందా? వచ్చే ఏడాది మా అమ్మాయినీ పంపాలనుకుంటున్నాం. కమ్యూనిటీ కాలేజీ మేలా, నేరుగా యూనివర్సిటీ మేలా?

జవాబు: వీసా పోలేదండీ. ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. మీకు వచ్చినట్టే భయంతో నిండిన ఉత్తరాలు నాకు ప్రతి సెమిస్టరులోనూ వస్తాయి. వాటన్నిటి వెనకా ఉండే ప్రశ్న ఒక్కటే: పెట్టిన డబ్బు, చేసిన అప్పు, నలుగురిలో చెప్పుకున్న మాట అంతా నీటిపాలేనా అని. ఒక్క అసైన్‌మెంటుతో అంత జరగదు.

అబ్బాయికి వచ్చింది నోటీసు మాత్రమే, నిర్ణయం కాదు. మీ మీద ఈ ఆరోపణ వచ్చింది, మీ మాట వినాలి, రండి అని దాని అర్థం. విచారణ తరువాత తప్పు చేశాడని తేలితే హెచ్చరిక, లిఖితపూర్వక మందలింపు, ప్రొబేషన్ (కొంతకాలం షరతులతో గమనించడం), సస్పెన్షన్, బహిష్కరణ అని శిక్షలకు మెట్లుంటాయి. అధ్యాపకుడు ఆ అసైన్‌మెంటుకు సున్నా వేయడం వేరే సంగతి. ఎఫ్-1 హోదాకు, అంటే విద్యార్థి వీసా మీద అక్కడ ఉండే హక్కుకు, ముప్పు వచ్చేది సస్పెన్షన్ దగ్గర నుంచే. చదువు ఆగిపోతే ఆ విషయాన్ని కాలేజీ సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో, నమోదు చేయాలి కనుక. హెచ్చరిక, ప్రొబేషన్‌ల వల్ల హోదా పోదు. మొదటిసారి, అదీ ఒకే అసైన్‌మెంటు విషయంలో, సస్పెన్షన్ దాకా వెళ్ళడం నేను చాలా అరుదుగా చూశాను.

అసలు ప్రమాదం మీ మూడో ప్రశ్నలో ఉంది. సబ్జెక్టు వదిలేయడం. ఎఫ్-1 విద్యార్థి ఒక్కో సెమిస్టరులో కనీసం 12 యూనిట్లు (క్రెడిట్లు) చదవాలి. భయపడి ఒక సబ్జెక్టు వదిలేస్తే యూనిట్లు 12 కన్నా తగ్గవచ్చు. డీఎస్‌ఓ అని పిలిచే అంతర్జాతీయ విద్యార్థుల సలహాదారు అనుమతి ముందుగా తీసుకోకుండా తగ్గితే హోదా దెబ్బతింటుంది. అంటే కాలేజీ వేయని శిక్షను మనమే వేసుకున్నట్టు. పైగా సబ్జెక్టు వదిలేసినంత మాత్రాన విచారణ ఆగిపోతుందన్న హామీ కూడా లేదు. డీఎస్‌ఓతో మాట్లాడేదాకా కాలేజీ ఆన్‌లైన్ పోర్టల్లో ఏ బటనూ నొక్కవద్దని ఇవాళే చెప్పండి.

ఈ విచారణ అనేదాన్ని శత్రువులా చూడకండి. 1960లో అలబామా రాష్ట్ర ప్రభుత్వ కాలేజీకి చెందిన కొందరు నల్లజాతి విద్యార్థులు, తెల్లవారికి మాత్రమే వడ్డించే భోజనశాలలో కూర్చుని నిరసన తెలిపారు. వారిలో కొందరిని ఒక్క మాటా వినకుండా కాలేజీ నుంచి తీసేశారు. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ప్రభుత్వ కాలేజీ ఒక విద్యార్థిని బహిష్కరించే ముందు ఆరోపణ ఏమిటో తెలియజేసి, అతని వాదన వినాలని 1961లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మీ అబ్బాయి చేతిలో ఉన్న లేఖకు మూలం అక్కడుంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం కమ్యూనిటీ కాలేజీ అధ్యాపకుడు తన తరగతి నుంచి విద్యార్థిని ఆ రోజుకు, ఆ తరువాతి తరగతికి మాత్రమే బయటికి పంపగలడు. పూర్తిగా బహిష్కరించాలంటే ఆ కాలేజీని నడిపే కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్టు పాలకమండలి నిర్ణయించాలి. కోపం వచ్చిన మాస్టారు ఒక్క మాటతో టీసీ చేతిలో పెట్టే వ్యవహారం కాదిది.

అబ్బాయి చేయవలసింది కొద్దిగానే ఉంది, కానీ అది అతనే చేయాలి. లేఖలో చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్ళాలి. వెళ్ళకపోతే అతని మాట వినకుండానే నిర్ణయం తీసుకోవచ్చు. వెళ్ళే ముందు ఆ సబ్జెక్టు సిలబస్‌లో ఇతరులతో కలిసి పని చేయడం గురించి ఏం రాశారో, కాలేజీ ప్రవర్తనా నియమావళిలో ఏముందో చదవాలి. తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళవచ్చా అన్నది కూడా అందులోనే దొరుకుతుంది. ప్రోగ్రాము పాత ప్రతులు, ఫైళ్ళ తేదీలు, స్నేహితుడితో నడిచిన సందేశాలు ఏవీ చెరిపేయకూడదు. తానే రాసి ఉంటే అవే రుజువులు. చూసి రాసి ఉంటే ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. మొదటి తప్పు ఒప్పుకున్నవాడి కన్నా, అబద్ధం చెప్పి దొరికిపోయినవాడికే పెద్ద శిక్ష పడటం నేను చూశాను.

మన దగ్గర ల్యాబ్ రికార్డులు ఎలా రాయిస్తామో మీకు తెలుసు. ఒకరిది చూసి తరగతంతా రాస్తుంది, లెక్చరర్ సంతకం పెడతాడు, అది తప్పని ఎవరూ చెప్పరు. ఇంటర్ రెండేళ్ళూ అలా గడిపిన పిల్లవాడు అక్కడ స్నేహితుడి ప్రోగ్రాము తీసుకోవడాన్ని సాయం అనుకుంటాడు. ఆ దేశంలో అడిగినవాడితో పాటు ఇచ్చినవాడికీ నోటీసు రావచ్చు. అందుకే అతణ్ణి దొంగలా చూడవద్దంటున్నాను.

ఇక మీ సంగతి. కొంచెం కటువుగానే చెబుతాను. కాలేజీ మీతో మాట్లాడకపోవడం పొగరు కాదు. 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. అతను రాసి ఇస్తే తప్ప మీతో చర్చించాల్సిన అవసరం వాళ్ళకు లేదు. మీ తమ్ముడు డల్లాస్ నుంచి విమానమెక్కి వెళ్ళి కూర్చున్నా అదే జవాబు. కొందరు తండ్రులు పిల్లల పాస్‌వర్డ్ తీసుకుని వాళ్ళ పేరుతో డీన్‌కు మెయిల్ రాస్తారు. ఆ పని కలలో కూడా చేయకండి. ఒక ఆరోపణ రెండవుతుంది. ప్రిన్సిపాల్ గదిలో చేతులు కట్టుకుని నిలబడి, హామీపత్రం మీద సంతకం చేసి పిల్లవాణ్ణి బయటపడేసే రోజులు ఇంటర్‌తోనే అయిపోయాయి. ఇంతకీ మీ అబ్బాయి ఈ విషయం మీ దగ్గర ఎందుకు దాచాడో ఆలోచించారా? అతను కాలేజీ కన్నా మీకే ఎక్కువ భయపడుతున్నాడు. ఇప్పుడు ‘వెనక్కి తీసుకొచ్చేస్తాను’ అని బెదిరిస్తే ఈసారి దాచింది మీకు స్నేహితుడి ద్వారా కూడా తెలియదు.

రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీ, రెండేళ్ళు యూనివర్సిటీ అన్న దారి గురించి నా సందేహాలు చాలా కాలంగా ఉన్నవే. కన్సల్టెన్సీలు చూపించే 46 డాలర్ల యూనిట్ ఫీజు కాలిఫోర్నియా నివాసులది. మన పిల్లలు దానికి ఎన్నో రెట్లు కడతారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో సీటు ఖాయమంటారు కదా, ఆ హామీ ఆరు క్యాంపస్‌లకే ఉంది. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో అందులో లేవు. శాంటా బార్బరా ఉన్నా, అక్కడి ఇంజినీరింగ్ కాలేజీకి ఆ హామీ వర్తించదు. మార్కుల షరతులు ఎలాగూ ఉంటాయి. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. తెల్లవారుజామున వార్డెన్ లేపితే లేచి, స్టడీ అవర్ గంట కొడితే కూర్చుని చదివిన పిల్లవాడు, హాస్టల్ లేని కాలేజీలో, అద్దె గదిలో, వండుకుంటూ ఒంటరిగా పడతాడు. చాలా కమ్యూనిటీ కాలేజీలకు హాస్టళ్ళు ఉండవు. రాత్రి పదకొండింటికి అసైన్‌మెంటు అర్థం కాకపోతే అతను అడగగలిగేది పక్క గదిలోని స్నేహితుణ్ణే. ఇలాంటి నోటీసులు అలాంటి రాత్రుల్లోనే మొదలవుతాయి.

అలాగని ఆ దారి మూసేయమనను. చిన్న తరగతులు, ఓపికగా చెప్పే అధ్యాపకులు, ఉచిత ట్యూటరింగ్ కేంద్రాలు అక్కడ ఉన్నాయి. మీవాడు ట్యూటరింగ్ కేంద్రం గడప తొక్కాడో లేదో అడగండి. క్రమశిక్షణ నియమాల విషయంలో మాత్రం యూనివర్సిటీకీ కమ్యూనిటీ కాలేజీకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నోటీసు, విచారణ, శిక్షల మెట్లు రెండు చోట్లా ఉంటాయి. కనుక ఈ భయంతో అబ్బాయిని కాలేజీ మార్చకండి.

అమ్మాయి విషయానికి వస్తే, తన గది, తన డబ్బు, తన తిండి తానే చూసుకోగలదా అన్నది ఆమెనే అడిగి, ఆ తరువాత ఫీజుల పట్టిక తెరవండి. చూసుకోగలనంటే కమ్యూనిటీ కాలేజీ పరవాలేదు. తడబడితే హాస్టల్ ఉన్న యూనివర్సిటీ, ఖర్చు భరించలేకపోతే ఇక్కడే డిగ్రీ చేసి పీజీకి వెళ్ళడం మేలు. ఏ దారైనా, ల్యాబ్ రికార్డు ఈ ఏడాది నుంచే సొంతంగా రాయమనండి.